బాడీ కిట్

బాడీ కిట్ అనగా కారు వెలుపలి రూపును మార్చుటకు అమర్చే బంపర్లు, పక్క స్కర్టులు, స్పాయిలరు మొదలైన భాగాల సముదాయము. వీటిని ఎక్కువగా ఫైబర్‌గ్లాసుతో గాని, ప్లాస్టిక్కుతో గాని తయారుచేస్తారు. చిన్న కార్లకు దీనితోపాటు పెద్ద చక్రాలను బిగించడం కూడా పరిపాటి.

చక్రాల మార్పు

మారుతి 800 కారుకు వాడిన 145/70 ఆర్12 టైరు వ్యాసం సుమారు 508 మి.మీ. దాని స్థానంలో 155/65 ఆర్13 టైరు వేసినచో వ్యాసం 532 మి.మీ. అవుతుంది. అందువలన స్పీడోమీటరు గంటకు 60 కి.మీ. చూపునప్పటి వేగం, పాత టైర్లతో పోల్చిన దాదాపు 3 కి.మీ. పెరుగుతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పినపుడు టైరు మడ్‌గార్డుకు రాసుకొనవచ్చును.

చట్టం

భారతదేశంలో మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమగునట్లు వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని స్పష్టం చేసింది.