తెల్లోడి ఓడ ఎందుకు రాలేదు?

మా అనకాపల్లి గురించి చెప్పమంటే ఎవరైనా బెల్లం మార్కెట్ గురించో, నూకాలమ్మ గుడి గురించో చెబుతారు. మా అమ్మమ్మ మాత్రం బాంబుల కథ చెప్పేది. 1942లో జపానువాళ్ళు విశాఖపట్నం మీద బాంబులేశాక జనం బళ్ళు కట్టుకుని, రైళ్ళెక్కి మా ఊరివైపు వచ్చేశారట. వాళ్ళింటి అరుగు మీదే రెండు కుటుంబాలు చాలారోజులు తలదాచుకున్నాయట. కథ ఎప్పుడూ ఒకే మాటతో ముగిసేది: "జపానోడు వచ్చీసినాడు గానీ, తెల్లోడి ఓడ ఒక్కటీ రాలేదు."

నిజమే కదా, ఆ ఓడలన్నీ ఎక్కడికి పోయాయి? ఈమధ్య తీరిక చేసుకుని చదివితే ఒక మనిషి దొరికాడు. పేరు జేమ్స్ సోమర్విల్.

ఈయన 1882లో పుట్టాడు. 1897లో, అంటే పదిహేనేళ్ళు నిండకముందే, నౌకాదళంలో చేరాడు. అప్పుడప్పుడే వస్తున్న వైర్‌లెస్‌ని పట్టుకుని అందులో నిపుణుడయ్యాడు (మన భాషలో చెప్పాలంటే టెక్నికల్ లైన్!). మొదటి ప్రపంచయుద్ధంలో గల్లిపోలిలో ఆ పనికే పతకం వచ్చింది. 1938లో ఈస్టిండీస్ దళానికి అధిపతిగా వచ్చాడు, అంటే మన సముద్రం ఆయనకి కొత్త కాదు. 1939లో క్షయ అని చెప్పి ఇంటికి పంపేశారు. యుద్ధం మొదలవగానే మళ్ళీ పిలిచారు.

1940 జూలై 3న, మొన్నటిదాకా మిత్రులైన ఫ్రెంచివాళ్ళ ఓడల మీద కాల్పులు జరపమని పైనుంచి ఆజ్ఞ. ఇష్టం లేకుండానే చేశాడు. దాదాపు 1300 మంది ఫ్రెంచి నావికులు పోయారు. మరుసటి ఏడు ఆయన దళంలోని ఆర్క్ రాయల్ విమానాలే బిస్మార్క్ చుక్కాని విరగ్గొట్టాయి.

1942 మార్చిలో ఈయన్ని హిందూ మహాసముద్రానికి పంపారు. చేతిలో ఐదు యుద్ధనౌకలు, ఐదూ మొదటి యుద్ధం నాటివే. అవతల నగుమో దగ్గర ఐదు విమానవాహక నౌకలు. పగలు ఎదురుపడితే పని అయిపోయినట్టే. కానీ ఈయన విమానాలకి రాడార్ ఉంది, జపానువాళ్ళకి లేదు. అందుకని పగలు దూరంగా ఉండి రాత్రి దెబ్బకొట్టాలని సింహళం దక్షిణాన కాపు కాశాడు. శత్రువు రాలేదు. ముసలి ఓడల్లో నీళ్ళు అయిపోవస్తున్నాయి. ఇక రారులే అనుకుని మాల్దీవుల్లోని అడ్డు అటాల్‌కి వెళ్ళాడు, రెండు క్రూయిజర్లని కొలంబో పంపేశాడు. సరిగ్గా అప్పుడే వాళ్ళొచ్చారు. ఏప్రిల్ 5న కొలంబో మీద దాడి, ఆ రెండు క్రూయిజర్లూ మునక.

ఇదే సమయంలో ఒజావా అనే మరో జపాను సేనాని బంగాళాఖాతంలోకి దిగాడు. కొద్దిరోజుల్లోనే ఇరవైకి పైగా సరుకు ఓడల్ని ముంచాడు. ఏప్రిల్ 6న ర్యూజో నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులేశాయి. ఆ రోజు మన తీరానికి అడ్డంగా నిలబడ్డ పెద్ద యుద్ధనౌక ఒక్కటీ లేదు. తర్వాత సోమర్విల్ నెమ్మదిగా నడిచే ఓడల్ని ఏకంగా ఆఫ్రికా తీరంలోని కిలిండినీకి పంపేశాడు.

పిరికితనమా? నాకలా అనిపించలేదు. ఎదురెళ్ళి ఉంటే ఓడలూ పోయేవి, వేలమంది నావికులూ పోయేవి, విశాఖ మీద బాంబులు ఎలాగూ పడేవి. 1944 ఏప్రిల్లో ఆయనే వెళ్ళి జపాను చేతిలో ఉన్న సబాంగ్ మీద దాడి చేశాడు. శత్రువు రాడని తొందరపడి అనుకోవడం మాత్రం ఆయన తప్పే.

అయితే ఒక్క మాట. వెనక్కి తగ్గడం సరైన లెక్కే కావచ్చు. ఆ లెక్కలో మన తీరం ఎక్కడుంది? మమ్మల్ని కాపాడేవాళ్ళు మీరేనని రెండువందల ఏళ్ళు పన్ను కట్టించుకున్నవాళ్ళు, కాపాడలేమని ఒక్కముక్క ముందు చెప్పలేదు. యుద్ధానికి వెళ్ళాలా వద్దా అని 1939లోనూ మనల్ని అడగలేదు.

సోమర్విల్ 1949లో పోయాడు. అప్పటి బాంబు ఒకటి, పేలనిది, విశాఖ మ్యూజియంలో ఉంది. ఈసారి చూసినప్పుడు ఆయన మీద కోపం రాలేదు. కానీ అమ్మమ్మ మాటలో తప్పు కూడా కనబడలేదు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఆయన ఓడ మీంచి, ఆవిడ అరుగు మీంచి.