డబ్బా కోసం వెళితే...

పొడుపుకథ విప్పే సరదా, ముగ్గులో చుక్కలు కలిపే సరదా, దాగుడుమూతల సరదా - ఈ మూడూ కలేసి పెద్దవాళ్లు ఆడుకునే ఆట ఒకటుంది. దాని పేరు జియోకేషింగ్. పేరు విని హడలిపోకండి. ఎవరో ఓ చిన్న డబ్బా ఎక్కడో దాస్తారు. అది ఉన్నచోటు అక్షాంశ రేఖాంశాలు అందరికీ తెలియజేస్తారు. మనం ఫోను పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లి, డబ్బాలో ఉన్న చిట్టామీద పేరు రాసి, ఎక్కడిదక్కడ పెట్టేసి రావాలి. లోపల బంగారమేమీ ఉండదు సుమండీ! ఓ పెన్సిలు ముక్కో, పిల్లలాడుకునే గోళీయో ఉంటే గొప్ప.

ఈ పిచ్చి కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో డార్ట్‌మూర్ అనే బీడు ప్రాంతంలో జేమ్స్ పెరట్ అనే దారి చూపించే ఆయన 1854లోనే క్రాన్మియర్ పూల్ దగ్గర ఒక సీసా పెట్టాడు. అంత దూరం నడిచి వచ్చినవాళ్లు తమ పేరున్న కార్డు అందులో వేసి వెళ్లేవారు. ఇప్పటి ఆట మాత్రం 2000 మే నెలలో పుట్టింది. అంతకుముందు అమెరికా ప్రభుత్వం ఉపగ్రహాల సంకేతాన్ని కావాలనే కాస్త చెడగొట్టి జనానికి ఇచ్చేది. వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. మే మొదట్లో ఆ అడ్డు తీసేశారు. మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ అనే ఊరి దగ్గర అడవిలో ఓ బక్కెట్టు దాచాడు. అందులో పుస్తకాలు, ఒక వడిసెల, ఒక చిక్కుడుగింజల డబ్బా ఉన్నాయి. ఆ చోట ఇప్పుడు ఫలకం పెట్టారు. చిక్కుడుగింజలకి కూడా స్మారకచిహ్నం దక్కిందన్నమాట!

ఒరెగాన్ అంటే మనవాళ్లకి అంత పరాయిదేమీ కాదు. పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల కంప్యూటర్ ఉద్యోగాల మీద మన పిల్లలు చాలామందే ఉన్నారు. కూతురి పురిటికో, కోడలి పురిటికో వెళ్లి, ఆరునెలలు కిటికీలోంచి వాన చూస్తూ కూర్చునే అమ్మమ్మలూ నాయనమ్మలూ ఉన్నారు. పెద్ద మనవడికి ఆ ఆట పిచ్చి ఉందంటే అమ్మమ్మ బయటపడినట్టే. "అమ్మమ్మా, నువ్వు రాయి మీద సంవత్సరం చదువు, నేను కూడిక చేస్తాను" అంటాడు వాడు.

ఎందుకంటే ఈ డబ్బాల్లో కొన్నింటి చిరునామా తిన్నగా ఇవ్వరు. చిక్కుప్రశ్న ఇస్తారు. బీవర్‌క్రీక్‌కి పక్కనే ఒరెగాన్ సిటీ ఉంది చూడండి, అక్కడ ఒక చిక్కు కట్టాలంటే ఇలా కట్టొచ్చు: 'గుట్టమీద డాక్టరుగారి ఇల్లు ఉంది. పక్కనే ఆయన సమాధి. ఆయన పోయిన సంవత్సరంలో ఆఖరి అంకెకి రెండు కలుపు. ఊరికి పురపాలక సంఘం వచ్చిన సంవత్సరంలో ఆఖరి అంకె దాని పక్కన వెయ్యి.' ఈ అంకెలు అక్షాంశంలో నిమిషం తర్వాత వచ్చే చుక్క పక్కన కూర్చుంటాయి. నిమిషంలో వెయ్యోవంతు అంటే సుమారు ఆరడుగులు. ఆఖరి అంకె తప్పితే పక్క పొదలో వెతుకుతాం. మొదటి అంకె తప్పితే ఏటి ఒడ్డున తేలతాం. బళ్లో తేదీలు బట్టీ పెట్టమంటే ఏడ్చే పిల్లలు ఇక్కడ మాత్రం తేదీకోసం ప్రాణం పెట్టేది ఇందుకే.

ఆ డాక్టరుగారు జాన్ మెక్‌లాఫ్లిన్. హడ్సన్స్ బే కంపెనీ తరఫున ఆ ప్రాంతమంతా చూసిన పెద్దమనిషి. తూర్పు నుంచి ఎడ్లబళ్లమీద సుమారు రెండువేల మైళ్లు వచ్చి, చేతిలో దమ్మిడీ లేకుండా దిగినవాళ్లకి విత్తనాలూ సరుకులూ అరువిచ్చాడు. కంపెనీకి అది నచ్చలేదు. 1842లో ఒరెగాన్ సిటీకి వీధులు కొలిపించాడు. 1844లో ఆ ఊరికి పురపాలక సంఘం వచ్చింది. 1857లో పోయాడు. నూరేళ్ల తర్వాత, 1957లో, రాష్ట్రం ఆయనకి 'ఒరెగాన్ పితామహుడు' అని బిరుదిచ్చింది. ఆయన సమాధి పక్కన భార్య మార్గరెట్ సమాధి ఉంది. ఆవిడ తల్లి ఆదిమజాతి మనిషి. ఊరి కింద విలమెట్ జలపాతం దగ్గర చేపలు పట్టుకు బతికిన ఆదిమజాతులు 1830లలో వచ్చిన జ్వరాలకి చాలావరకు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ సంగతి తెలుసుకోవాలంటే చిక్కుప్రశ్న ఒక్కటే చాలదు. చిక్కు కట్టేవాడికి అంకె కావాలి. అంకె రాయిమీద ఉండాలి. రాయి ఎవరో చెక్కించి ఉండాలి.

అక్కడే నాకు అబిగైల్ స్కాట్ గుర్తొస్తుంది. 1852లో ఆ దారినే ఎడ్లబండిమీద వచ్చిన పదిహేడేళ్ల పిల్ల. ప్రయాణంలో దినచర్య రాసే పని తండ్రి ఆ పిల్లకి అప్పగించాడు. తల్లికి ఈ ప్రయాణం మొదటినుంచీ ఇష్టం లేదు. పన్నెండు కాన్పులతో ఒళ్లు గుల్లయిన మనిషి. 'నే రాలేను' అంటే వినేదెవరు? జూన్ నెలలో కలరా తగిలి దారిలోనే పోయింది. ఆగస్టులో ఆఖరి తమ్ముడూ పోయాడు. ఆ దారిన పోయినవాళ్లని పాతిపెట్టి, జంతువులు తవ్వకుండా, ఆనవాలు దొరక్కుండా పైనుంచి బళ్లు తోలేవారు. అటువంటి వేలాది సమాధులకి ఏ అక్షాంశం రాస్తాం?

ఆ పిల్ల పెద్దదై, పెళ్లయి, డనివే అయింది. భర్త మంచివాడే. స్నేహితుడి అప్పుకి హామీ సంతకం పెట్టాడు, భార్యతో పనిలేకుండా. పొలం పోయేటప్పుడు మాత్రం ఇద్దరిదీ పోయింది! తర్వాత ఆయన ప్రమాదంలో దెబ్బతింటే, ఆవిడే పాఠాలు చెప్పి, టోపీల దుకాణం పెట్టి సంసారం ఈదింది. 1871లో పోర్ట్‌లాండ్‌లో 'న్యూ నార్త్‌వెస్ట్' అనే సొంత వారపత్రిక పెట్టి, ఆడవాళ్లకి ఓటుకోసం పదహారేళ్లు నడిపింది. మన వీరేశలింగంగారు 'సతీహితబోధిని' పెట్టింది 1883లో అని గుర్తుపెట్టుకోండి. తమాషా ఏమిటంటే, ఆ ఊళ్లో పెద్ద దినపత్రికకి సంపాదకుడు ఆవిడ సొంత తమ్ముడే, హార్వీ స్కాట్. అక్కయ్య అడిగిన ఓటుకి అడ్డం నిలిచాడు. ఒరెగాన్‌లో మగవాళ్ల ఓట్లతో ఆ ప్రశ్న అయిదుసార్లు ఓడి, ఆరోసారి 1912లో గెలిచింది. అప్పటికి ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్లు. గవర్నరుగారి కోరికమీద ఆ ప్రకటన స్వహస్తంతో రాసి సంతకం పెట్టింది. 1915లో పోయింది.

ఈవిడ మీద ఒక చిక్కు కట్టాలంటే అంకెలకి కొదవలేదు. తల్లిమీద కట్టాలంటేనే కష్టం.

మన దగ్గర ఇలాంటి ఆట కుదురుతుందా అంటే, డబ్బా జోలికి మాత్రం వెళ్లకండి. గుడి గోడ పక్కన తెలియని డబ్బా కనిపిస్తే ముందు పోలీసులు వస్తారు, తర్వాత చరిత్ర. అమెరికాలో కూడా జాతీయ పార్కుల్లో అనుమతి లేకుండా దాచనివ్వరు. అటువంటిచోట్ల డబ్బా లేకుండా ప్రశ్న ఒక్కటే పెట్టి, జవాబు పంపిస్తే చాలంటారు. ఆ పద్ధతి మనకి బాగా సరిపోతుంది. పైగా రాళ్లకేం తక్కువ? ద్రాక్షారామం గుడిలో స్తంభాలమీదా గోడలమీదా వందల శాసనాలున్నాయి. అఖండదీపానికి నెయ్యి కావాలని గొర్రెలమందని దానమిచ్చిన వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. పేరుతో సహా, ఎవరి భార్యో ఎవరి కూతురో అన్న వివరంతో సహా చెక్కించుకున్నారు. ఆ విషయంలో ఒరెగాన్ రాళ్లకంటే మన రాళ్లే నయం.

సెలవుల్లో పిల్లలు వస్తే, మీ ఊరి గుళ్లోనో దిగుడుబావి దగ్గరో ఒక ప్రశ్న కట్టి చూడండి. అయితే అక్షరాలు కనిపించడం కోసం రాయికి సుద్దా నూనే పూయకండి, రాయి పాడవుతుంది. పొద్దుటిపూటో, సాయంత్రం నాలుగు దాటాకో, ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు వెళ్లండి. మసకచోటయితే టార్చిలైటు పక్కనుంచి వేయండి. మధ్యాహ్నమంతా నున్నగా కనిపించిన రాయిమీద ఒక్కొక్క అక్షరమే నీడతో సహా పైకి లేస్తుంది.