నిమ్మరసంతో మరకల తొలగింపు

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో బట్టల మరకలకు ఇంటి మందు నిమ్మకాయ. రసంలో సుమారు ఆరేడు శాతం ఉండే సిట్రిక్ ఆమ్లం ఇనుమును పట్టుకుని నీటిలో కరిగేలా చేస్తుంది. తుప్పు మరకలపై దీని పనితనం అందుకే గొప్పది. మరకపై ఉప్పు చల్లి, నిమ్మచెక్కతో రుద్ది, ఎండలో ఉంచి, ఆరిపోకముందే మళ్లీ రసం పిండి, చివరకు బాగా జాడించాలి. సబ్బు తగిలి ఎర్రబడిన పసుపు మరక నిమ్మరసానికి తిరిగి పసుపు రంగులోకి మారుతుంది. ఆ పసుపు రంగును పోగొట్టేది మాత్రం ఎండే. నూనె జిడ్డుకు నిమ్మరసం చాలదు. బ్లీచింగ్ పౌడరుతో ఎన్నడూ కలపకూడదు, విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ బట్టకూ నిమ్మ తగలనివ్వకూడదు: తుప్పుపట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో ఊరబెట్టి, కరక్కాయ పట్టించిన గుడ్డపై గీసే ఆ నల్లని గీతలను ఈ ఆమ్లం వెలవెలబోయేలా చేస్తుంది.