పదార్థం: ముస్లిం తత్వచింతనలో దాని అర్థాలు, భేదాలు

పదార్థం అనగానే ఈనాటి చదువరికి విజ్ఞానశాస్త్ర పాఠం జ్ఞప్తికి వస్తుంది. ద్రవ్యరాశి కలిగి స్థలాన్ని ఆక్రమించేదే పదార్థమని ఆ పాఠం చెబుతుంది. కాని ముస్లిం పండితుల మధ్య శతాబ్దాల తరబడి ఈ భావంపై సాగిన చర్చ తూనికలకు, కొలతలకు సంబంధించినది కాదు. లోకానికి ఆరంభం ఉన్నదా, లేదా అన్న ప్రశ్నే దానికి మూలం. పదార్థం అనాది అయితే, సృష్టికర్తతో పాటు ఎల్లప్పుడూ మరొకటి ఉన్నదని అంగీకరించవలసి వస్తుంది. తౌహీద్‌ను విశ్వసించే వారికి ఇది ఉపేక్షించదగిన విషయం కాదు.

ముందుగా పదాలను పరిశీలించాలి. అరబ్బీ గ్రంథాలలో కనిపించే ‘హయూలా’ గ్రీకు పదమైన ‘హ్యూలే’కు రూపాంతరం. గ్రీకులో దాని తొలి అర్థం కలప. ‘మాద్ద’ అచ్చమైన అరబ్బీ పదం; సాగుట, చాచుట అనే అర్థమిచ్చే ధాతువు నుండి పుట్టినది. తెలుగువారు నిత్యం వాడే మద్దతు, ముద్దతు అనే మాటలు కూడా ఆ ధాతువుకు చెందినవే. మూడవది ‘జౌహర్’. రత్నమనే అర్థం గల ఫార్సీ మాట నుండి అది వచ్చినది. తత్వవేత్తలు దానిని స్వయంగా నిలిచి ఉండే ద్రవ్యం అనే అర్థంలో వాడగా, కలాం పండితులు విభజనకు లొంగని అణువుకు వాడారు. దివ్య ఖుర్‌ఆన్ మట్టిని, నీటిని, పొగను ప్రస్తావించినది గాని, పదార్థం అనే అర్థంలో హయూలా, మాద్ద అనే పదాలు అందులో కానరావు. అవి పండితుల పరిభాషకు చెందినవి.

గ్రీకు తత్వాన్ని అనుసరించిన వారిలో అగ్రగణ్యుడు ఇబ్న్ సీనా (980–1037). ఆయన దృష్టిలో ప్రథమ పదార్థం రాయి వలె, ఇనుము వలె చూపించదగిన వస్తువు కాదు. రూపాన్ని స్వీకరించే యోగ్యత మాత్రమే. రూపం లేకుండా అది ఎన్నడూ ఉండదు. బల్లకు కలప పదార్థమే, కాని ఆ కలపకు తనదైన రూపం ముందే ఉన్నది. కనుక అది ద్వితీయ పదార్థం. ఈ విధంగా క్రిందికి పోగా మట్టి, నీరు, గాలి, నిప్పు అనే నాలుగు మూలకాలు, వాటికీ అడుగున ప్రథమ పదార్థం మిగులుతాయి.

కలాం పండితులు వేరొక మార్గం త్రొక్కారు. బస్రాకు చెందిన ముఅతజిలీ పండితుడు అబుల్ హుజైల్, ఆ తరువాత అష్‌అరీ పండితులు దేహాలన్నీ అవిభాజ్యమైన అణువుల కూర్పే అన్నారు. రంగు, చలనం వంటి గుణాలు రెండు క్షణాలైనా నిలువవనీ, అల్లాహ్ వాటిని క్షణక్షణం సృష్టిస్తున్నాడనీ అష్‌అరీలు బోధించారు. ముఅతజిలీలలోనే నజ్జామ్ అణువును అంగీకరించలేదు. ఇబ్న్ సీనా కూడా దానిని ఖండించాడు. రెండు అణువుల నడుమ మూడవది ఉన్నదనుకుంటే, ఒకదానిని తాకే వైపు, రెండవదానిని తాకే వైపు వేర్వేరు కావాలి. వైపులు ఉన్నప్పుడు అది అవిభాజ్యం ఎట్లా అవుతుందని ఆయన ప్రశ్న.

ప్రఖ్యాత వైద్యుడు అబూ బక్ర్ అర్‌రాజీ సృష్టికర్త, ఆత్మ, పదార్థం, కాలం, స్థలం అనే అయిదింటినీ అనాదిగా భావించాడు. ఇది తీవ్ర ఖండనకు గురి అయినది. ఇబ్న్ సీనా మాట ఇంత సూటిగా లేదు. లోకం అనాది అయినా స్వతంత్రం కాదనీ, దాని ఉనికి సదా అల్లాహ్‌పైనే ఆధారపడి ఉన్నదనీ ఆయన అన్నాడు.

ఇమామ్ గజాలీ (1058–1111) దీనితో తృప్తి చెందలేదు. 1095లో పూర్తిచేసిన ‘తహాఫుతుల్ ఫలాసిఫా’లో మొట్టమొదటి చర్చ లోకం అనాది అన్న వాదంపైనే. తత్వవేత్తల వాదం ఇది: ఏ వస్తువైనా పుట్టక ముందు దాని సంభావ్యత ఉండాలి, ఆ సంభావ్యతకు ఒక ఆశ్రయం కావాలి, ఆ ఆశ్రయమే పదార్థం, కనుక పదార్థానికి ఆరంభం లేదు. సంభావ్యత అన్నది బుద్ధి చేసే నిర్ణయం మాత్రమేనని గజాలీ సమాధానం. సంభావ్యతకు ఆశ్రయం కావాలంటే అసంభవానికీ కావాలి; అసంభవమైన దానికి ఆశ్రయమెక్కడ? ఆ తరువాత ఇబ్న్ రుష్ద్ (1126–1198), బుద్ధి నిర్ణయం సత్యం కావాలంటే బాహ్యప్రపంచంలో దానికి సరిపోలేది ఉండాలని బదులు చెప్పాడు.

ఈ చర్చ భారతదేశపు మదర్సాలకూ చేరినది. అబ్‌హరీ రచించిన ‘హిదాయతుల్ హిక్మా’ వ్యాఖ్యానాలు, ముల్లా మహమూద్ జౌన్‌పూరీ ‘షమ్సె బాజిగా’ దర్సె నిజామీలో పాఠ్యగ్రంథాలైనవి. హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ ఫఖ్రుద్దీన్ రాజీ రచన ‘అల్ మబాహిసుల్ మష్రిఖియ్యా’ను అచ్చువేసినది. ఆ నగరంలోనే 1881లో జమాలుద్దీన్ అఫ్గానీ ప్రకృతివాదులను ఖండిస్తూ ఫార్సీలో గ్రంథం ప్రకటించాడు. అప్పటికి ప్రశ్న రూపం మారినది. పదార్థం అనాదియా అన్నదాని స్థానంలో, పదార్థం తప్ప మరేమీ లేదా అన్నది ముందుకు వచ్చినది.

కలాం పండితుల అణువును ఈనాటి భౌతికశాస్త్రపు పరమాణువుతో సమానం చేయడం పొరపాటు. ఇది విభజింపబడినది; అది నిర్వచనం చేతనే అవిభాజ్యం. ప్రయోగశాల పదార్థపు నిర్మాణాన్ని, చలనాన్ని కొలిచి చూపగలదు. పదార్థం ఎందుకు ఉన్నది, దాని ఉనికి ఎవరిపై ఆధారపడినది అన్న ప్రశ్న ఆ కొలతలకు అందదు. గజాలీ, ఇబ్న్ రుష్ద్ అనేక విషయాలలో విభేదించినా, పదార్థం తనంతట తానుగా లోకానికి సమాధానం కాజాలదన్న విషయంలో ఏకాభిప్రాయం కలవారే.