మహేశ్వరపు చల్కలు - నేలసారమును కాపాడిన తీరులు

మన సంఘ వార్షిక సంచికలయందు పూర్వుల కీర్తిని వర్ణించు వ్యాసములు పెక్కు వెలువడుచుండును. ఆ పూర్వులు దున్నిన నేలను గూర్చి నాలుగు మాటలు వ్రాయుట యుచితమని మాకు తోచినది.

మహేశ్వరము చుట్టుపట్టుల నేల చాలవరకు ఱాతిపై పలుచగా పఱచుకొన్న యెఱ్ఱ చల్క. వాన వెలిసి యెండ కాయగానే పైభాగము పెచ్చుగట్టును. జోరువానకు మెత్తని మట్టి కొట్టుకొనిపోయి చెరువు అడుగున చేరును. అట్లు పోయిన సారమును మరల తెచ్చుకొనుటయే పూర్వుల కృషిలో ముఖ్యభాగము. వేసవిని చెరువెండగానే పూడికమట్టిని బండ్లకెత్తి చల్కలపై చల్లెడివారు. అది యెరువగుటయేగాక తేమను పట్టియుంచును. కోతలైన పిదప గొఱ్ఱెలమందను రాత్రులు చేలలో పెట్టించి, కాపరులకు ధాన్యమో రొక్కమో ముట్టజెప్పెడివారు. పేడ కొంత పిడకలై పొయ్యికి పోయినను, మంద మూత్రము చేనిలోనే యింకెడిది.

అట్లని పూర్వకాలమంతయు సుభిక్షమే యనుట సత్యము గాదు. పశువులు లేని బీదరైతునకు పెంట యెక్కడిది? బండి లేనివానికి పూడిక నెవరు తెత్తురు? యూరియా సంచి వచ్చినపుడు వాడు దాని నాశ్రయించుట తప్పని మేమనజాలము.

1984లో ప్రపంచబ్యాంకు సాయముతో నాలుగు రాష్ట్రములలో వాటర్‌షెడ్ పథకము నారంభించి, ఆంధ్రప్రదేశ్‌లో మన మహేశ్వరమునే యెన్నుకొనిరి. ఒక్కొక్కరి చేను గాక, వాననీరు పాఱు వాలునంతటిని ఒక్కటిగా చూచుట ఇందలి క్రొత్తదనము. మట్టిగట్లకు మాఱుగా వట్టివేరు వరుసలు నాటింపజూచినదియు ఈ పథకమే. ఎరువు వేయుటకు ముందు మట్టిని నిలుపుమనుట దీని సారాంశము. తాతలు చెరువునుండి మోసి తెచ్చినదానిని చేలోనే ఆపుట యన్నమాట.

ఇంతలో 1992లో భాస్వరము, పొటాషు ఎరువుల ధరలపై కట్టడి నెత్తివేసి, యూరియాను మాత్రము కట్టడిలోనే యుంచిరి. చవుకైనదానినే రైతు విరివిగా చల్లెను. 2000 తరువాత ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు మెట్టచేల మట్టిని పరీక్షింపగా గంధకము, బోరాన్, జింకు లోపములు విస్తారముగా కనబడినవి. యూరియాలో నివి యేవియు లేవుగదా!

2015లో మిషన్ కాకతీయ వచ్చెను. ప్రభుత్వము పూడిక త్రవ్వించగా, రైతులు సొంత ఖర్చుతో ట్రాక్టర్లపై తోలుకొనిరి. పాతపద్ధతియే తిరిగివచ్చినది గాని, అప్పటికి చల్కలే తఱుగజొచ్చినవి. 2008లో శంషాబాదు విమానాశ్రయము తెఱచిన పిదప మన చేలు ప్లాట్లగుట హెచ్చినది. అమ్మినవారిని నిందింపము, మాలోను అమ్మినవారు కలరు.

మీ యూర ఏ చెరువు పూడిక ఏ చల్కలకు పోయెడిదో వృద్ధులనడిగి వ్రాసి పంపుడు; వచ్చు సంచికలో ప్రకటింతుము.