ఇంటిలో తీసిన ఫోటోలు

మన డయోసిస్ శతవత్సర సంచికకు పాత ఫోటోలు కావలెనని సంపాదక వర్గము కోరగా, మేము కొందరము ఆదివార ఆరాధన ముగిసిన తరువాత సంఘస్థుల ఇండ్లకు వెళ్ళి ఆల్బములు, ట్రంకుపెట్టెలు వెదకినాము. బిషప్ గారి ఇరుప్రక్కల నిలిచిన కమిటీ సభ్యులు, దేవాలయ శంకుస్థాపనలు, సండే స్కూలు వార్షికోత్సవాలు, పెండ్లి జంటలు, బదిలీపై వెళ్ళు గురువుగారికి దండలు వేసిన వీడ్కోలు సభలు ఎన్నో దొరికినవి. కాని క్రిస్మస్ ముందురోజు అరిసెల పాకము చూచుచున్న తల్లి ఫోటో గాని, నులక మంచముపై మనుమరాలికి బైబిలు కథ చెప్పుచున్న తాత ఫోటో గాని ఎన్ని ఇండ్లు తిరిగినా రెండు మూడుకు మించి దొరకలేదు. పిడికెడు బియ్యము ప్రతి పూటా దేవుని పేరట తీసి ఉంచిన తల్లులు మన సంఘములను నిలిపిరని ప్రసంగాలలో వినుచున్నాము. ఆ పిడికిలి ఫోటో మాత్రము మాకు ఎక్కడా కనబడలేదు.

ఈ లోటు ఎందువలన కలిగినదో తెలియవలెనంటే ఫోటో చరిత్రలోనికి కొంచెము పోవలెను.

1839లో ఫ్రాన్సు దేశపు డాగేర్ పద్ధతిని లోకమునకు ప్రకటించినప్పుడు ఒక్క చిత్రమునకు నిమిషముల తరబడి కదలక కూర్చుండవలసి వచ్చేది. మరుసటి సంవత్సరమునకే ఆ విద్య కలకత్తా చేరినది. నిమిషము సేపు చిరునవ్వు నిలుపుట ఎవరి తరము? అందుకే ఆ కాలపు ముఖములు తీర్పు వినబోవు వారి ముఖములవలె బిగిసి ఉండును.

కలకత్తాలో 1815లో జన్మించిన జూలియా మార్గరెట్ కామెరాన్ అను ఆంగ్ల స్త్రీకి 48 ఏండ్ల వయస్సులో కుమార్తె ఒక కెమెరాను కానుకగా ఇచ్చినది. ఆమె తన ఇంటి కోళ్ళగూటినే స్టూడియోగా మార్చుకొని, మేరీ హిల్లియర్ అను పనిమనిషిని యేసు తల్లియైన మరియమ్మగా కూర్చుండబెట్టి అనేక చిత్రములు తీసినది. అవి నేటికీ గొప్ప మ్యూజియములలో ఉన్నవి. మేరీ హిల్లియర్ ను మరియమ్మగా ప్రపంచమెల్ల ఎరుగును. పనిమనిషిగా ఆమె దినము ఎట్లు గడిచినదో ఆ చిత్రములు చెప్పవు.

మన ప్రాంతములో లాలా దీన్ దయాళ్ గారి పేరు వినని వారుండరు. నిజాము ప్రభువు కొలువులో ఫోటోగ్రాఫరుగా ఉన్న ఆయన, ఘోషా స్త్రీల కొరకు 1892లో హైదరాబాదులో ప్రత్యేకముగా ఒక జనానా స్టూడియో నెలకొల్పి, దానిని ఒక ఆంగ్ల స్త్రీకి అప్పగించెను. అది ఆ రోజులలో గొప్ప ముందడుగే. అయినను స్త్రీయే తన ఇల్లు విడిచి కెమెరా వద్దకు పోవలెను గాని, కెమెరా ఆమె వంటింటికి రాలేదు.

ఇంటికి వచ్చిన కెమెరా ఈస్ట్‌మన్ గారిది. 1888లో ఆయన అమ్మకమునకు పెట్టిన కొడాక్ లో 100 చిత్రములకు సరిపడు ఫిల్ము ఉండేది. అయిపోయిన వెంటనే పెట్టె మొత్తము కంపెనీకి పంపవలెను. దాని వెల 25 డాలర్లు. 1900లో వచ్చిన బ్రౌనీ వెల ఒక్క డాలరే. అట్టతో చేసిన ఆ పెట్టె పిల్లల చేతికి కూడ పోయినది. దాదాపు ఆ కాలముననే ఫ్రాన్సులో లార్టీగ్ అను బాలునికి తండ్రి కెమెరా కొనిపెట్టగా, అతడు మెట్ల మీద నుండి గాలిలోనికి దూకు బంధువులను, ఇంటివారి ఆటలను తీసి ఆల్బములలో అంటించుకొనెను. 1963లో న్యూయార్కులో ప్రదర్శించువరకు అవి లోకమునకు అంతగా తెలియలేదు.

మన దేశములో ఇటువంటి పని చేసిన వారిలో ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్ గారిని తప్పక చెప్పుకొనవలెను. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ తండ్రి ఆయన. బుడాపెస్టు, సిమ్లా, పారిస్ ఎక్కడ కాపురమున్నా భార్యను, ఇద్దరు కుమార్తెలను, తనను తాను కూడ దశాబ్దముల తరబడి ఫోటోలు తీసుకొనెను. 1941లో అమృత 28 ఏండ్లకే కన్నుమూసినది. ఆ బిడ్డ బాల్యము తండ్రి ఫోటోలలో మిగిలినది.

ఇక మన మిషనరీ దొరలు, దొరసానులు. వారు తీసిన ఫోటోలు లేకుంటే మన తొలి సంఘముల రూపమే తెలిసియుండదు, దానికి కృతజ్ఞులము. అయితే అవి ముఖ్యముగా స్వదేశములో చందాలిచ్చువారి కొరకు తీసినవి. బడి పిల్లలు వరుసలో, ఆసుపత్రి రోగులు వరుసలో, బైబిలు స్త్రీలు తెల్లచీరలతో వరుసలో. వరుస విడిపోయిన తరువాత వారు ఏమి మాటలాడుకొన్నారో, ఎవరి బిడ్డ ఏడ్చెనో అందులో లేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన నాటి ఫోటోలు మనము పుస్తకములలో చూచుచున్నాము. ఆ సంతోష వార్త విన్న ఒక పల్లె ఇంటి ఫోటో మేమింకను చూడలేదు.

మన ఇండ్లలో కెమెరా కనబడుట ఎక్కువగా అగ్ఫా క్లిక్ త్రీ వచ్చిన తరువాతనే. దానిలో 120 ఫిల్ము వేస్తే పన్నెండు ఫోటోలు. ఒక్క రోలు క్రిస్మస్ కు మొదలై ఈస్టరుకు గాని పూర్తికాని ఇండ్లు మాకు తెలుసు. అటువంటప్పుడు బియ్యము చెరుగుట మీద ఒక ఫోటో ఎవరు ఖర్చు పెట్టుదురు? పైగా ఆ పెట్టె కెమెరాకు మంచి ఎండ కావలెను. సూర్యుడు తీయువాని వీపు వెనుక ఉండవలెను. కనుకనే ఆ ఫోటోలలో అందరు కండ్లు చికిలించి ఉందురు. చీకటి వంటింటిలో, పొగలో, కిరసనాయిలు బుడ్డి వెలుగులో అది ఏమియు పట్టలేదు. మన తల్లులు జీవితములో ఎక్కువ భాగము గడిపిన చోటు సరిగ్గా అదే.

ఇంకొక సంగతి వ్రాయుటకు కష్టముగా ఉన్నది గాని వ్రాయక తప్పదు. మేము చూచిన ఆల్బములలో అనేకమంది అవ్వల మొట్టమొదటి ఫోటో, కడపటి ఫోటో ఒక్కటే. అది సమాధి పెట్టె ప్రక్కన కుటుంబమంతయు నిలిచి తీయించుకొన్నది. బ్రతికినన్నాళ్ళు ఆమెకొరకు ఎవరును ఫోటోగ్రాఫరును పిలువలేదు.

ఒక రిటైర్డు ఉపాధ్యాయుని ఇంటిలో మాత్రము వేరొకటి చూచాము. ఆయన భార్య డాబా మీద మిరపకాయలు ఆరబోయుచుండగా, పిలువకుండ, చెప్పకుండ తీసిన ఫోటో అది. చెంగు నడుమున దోపి, ఎండకు చేయి అడ్డము పెట్టుకొని ఎవరినో కేక వేయుచున్నది. "అయ్యో, తల కూడ దువ్వుకోలేదు, దాన్ని చించివేయండి" అని ఆమె ఎన్నో మారులు అడిగినదట. ఆయన చించలేదు. ఆమె ప్రభువు నందు నిద్రించిన తరువాత పిల్లలు నలుగురు స్టూడియోలో తీయించిన పట్టుచీర ఫోటోను కాక ఈ మిరపకాయల ఫోటోకే కాపీలు తీయించుకొన్నారు. "అమ్మ ఇట్లాగే ఉండేది నాన్నగారూ" అన్నారట. ఆమె అడిగినట్లు చించివేయుటే న్యాయమేమో అని మాలో ఒకరు వాదించారు. చెప్పకుండ తీసినను, చూపించి ఒప్పించి ఉంచుకొనుట మంచిదని మా అభిప్రాయము.

ఇప్పుడు ప్రతి చేతిలో ఫోను ఉన్నది, వంటింటి చీకటి కూడ దానికి అడ్డము కాదు. కాని ఫోను పాడైనప్పుడు నాలుగేండ్ల ఫోటోలు ఒక్కసారిగా పోగొట్టుకొన్న ఇండ్లు మన సంఘములోనే ఉన్నవి. ఏడాదికి పది ఫోటోలైనను అచ్చు వేయించి, వెనుక పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరము వ్రాసి ఉంచండి. 1970, 80లలో తీసిన రంగుల ఫోటోలు ఎరుపెక్కి వెలిసిపోవుచున్నవి, జిగురు ఆల్బములు వాటిని ఇంకను పాడు చేయుచున్నవి. వాటిని త్వరగా స్కాను చేయించవలెను. నలుపు తెలుపు ఫోటోలు వాటికంటె గట్టివి.

మాకు దొరికిన వాటిలో ఒక నలుపు తెలుపు ఫోటో ఎవరిదో తేలలేదు. పెంకుటింటి అరుగు, చేటలో బియ్యము, దానిపై వంగిన ఒక స్త్రీ, ఆమె వీపున ఆనుకొని పుస్తకము చదువుచున్న పిల్లవాడు. పుస్తకము అంచు ఎర్రగా ఉండునట్లు, అది కీర్తనల పుస్తకమేనని ఒక అవ్వ అన్నారు. నలుపు తెలుపు ఫోటోలో ఎరుపు ఎట్లు కనబడినదని అడుగుటకు మాకు మనసొప్పలేదు. ఫోటో వెనుక స్టూడియో ముద్ర తప్ప పేరు లేదు. దానిని ఈ సంచికలోనే ముద్రించుచున్నాము. ఆమెను గాని, ఆ పిల్లవానిని గాని గుర్తించినవారు దయచేసి సంపాదక వర్గమునకు తెలియజేయ మనవి.