బందరు–గోలకొండ దారి



మొన్న మా గుడ్లవల్లేరునకు నా పూర్వశిష్యుడొకడు హైదరాబాదు నుండి వచ్చెను. "విమానంలో ఒక్క గంటండీ, మాస్టారూ" అనెను. ఇల్లు విడిచినదెప్పుడని యడిగితిని. శంషాబాదు చేరుట, అచట వేచియుండుట, గన్నవరమున దిగి కారులో మా యూరు వచ్చుట, అన్నియు కూడగా ఆరు గంటలైనవి. అతడు చెప్పిన గంట అబద్ధము కాదు. గన్నవరమునకును శంషాబాదునకును ఆకాశమార్గమున తిన్నగా ఇంచుమించు 265 కిలోమీటర్లే. కాని యది రెండు విమానాశ్రయముల నడిమి లెక్క. రెండు ఇండ్ల నడిమి లెక్క కాదు. దూరమును చెప్పునపుడు ఎచటి నుండి యెచటికి, ఏ పనికి అనికూడ చెప్పవలెను. ఈ సంగతి మన బందరు దారి చరిత్రలోనే కలదు.

17వ శతాబ్దమున గోలకొండ రాజ్యమునకు బందరు సముద్రద్వారము. 1605లో డచ్చివారును, 1611లో ఇంగ్లీషువారును అచటికి వర్తకమునకై వచ్చిరి. కలంకారీ వస్త్రములు ఆ రేవు నుండి విదేశములకు పోయెడివి. ఫ్రెంచి రత్నవర్తకుడగు టావెర్నియే గోలకొండ నుండి బందరునకు తిన్నని దారిని 100 క్రోశములనియు, కొల్లూరు వజ్రపుగనుల మీదుగా పోయినచో 112 క్రోశములనియు వ్రాసెను. తాను తరచుగా పోయినది రెండవ దారినే. రత్నములు కొనువానికి ఆ పండ్రెండు క్రోశములు నష్టము కాదు, లాభము.

నేటి రోడ్డున బందరు–హైదరాబాదు ఇంచుమించు 340 కిలోమీటర్లు, అనగా 210 మైళ్లు. కావున నాటి క్రోశము రెండు మైళ్లకు దగ్గర. బరువుబండి దినమునకు పండ్రెండు మైళ్లు నడచుననుకొన్నచో పదునెనిమిది దినముల ప్రయాణము. ప్రతి రాత్రియు ఏదో యొక యూర ఆగవలెను. ఎడ్లకు గడ్డి, మనుష్యులకు బియ్యము, చెఱువునీరు, తలదాచుకొన చోటు కావలెను. దారినున్న యూళ్లకు ఆ ప్రయాణములో పాలుండెను.

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిదప కాలువలలో పడవలు నడచినవి. 1889లో నిజాము రైలు బెజవాడ చేరెను. 1908లో బెజవాడ–బందరు రైలు మా గుడ్లవల్లేరు మీదుగా వచ్చెను. పక్షము దాటిన ప్రయాణము గంటలలోనికి దిగెను. అయినను రైలు నడుమ నడుమ స్టేషనులలో ఆగును. విమానమునకు నడిమి యూళ్లతో పనియే లేదు.

వేగమును నిందించుట నా యుద్దేశము కాదు. మంచముపట్టిన తల్లిని చూడవచ్చు కొడుకునకు ఆ గంట అమూల్యము. నా కోరిక వేఱు. పడవలెచట ఆగెడివో, ఏ సత్రమున ఎవరు దిగెడివారో, బందరు బండికి ఎన్ని దినములు పట్టెడిదో తాతలు చెప్పగా విన్నవారు మీలో ఇంకను కలరు. ఆ మాటలను ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. టావెర్నియే పరదేశి, తన వర్తకమునకు వలసిన దారిని వ్రాసికొనెను. మన యూళ్ల దారిని మనమే వ్రాసికొనవలెను.